పెద్దాయన దప్పి

హోసూరు,
8 జూన్ 1997.

అంజనత్తకు,

ముందే ఒక మాట. ఇది రాసేది నేను, నీ తమ్ముడు శ్రీనివాసప్ప కొడుకును. చదివే ముందు కాగితాన్ని కళ్ళకద్దుకోవద్దు. పోయినసారి నా ఉత్తరాన్ని తాత పటం వెనక దోపి ఊదువత్తి వెలిగించినావట. తళి నుంచి మీ గులాబీలు వేసుకొచ్చే నాగేశప్ప మామ చెప్పినాడు. నా ఉత్తరాలు ట్రంకుపెట్టెలో పడెయ్యి, చాలు. నేనింకా బతికే ఉన్నాను.

ఎగతాళి అయిపోయింది, ఇప్పుడు అసలు సంగతి. మూడు నెలలుగా నా కుడి చెయ్యి వణుకుతోంది. లేత్ మిషను దగ్గర వెంట్రుకవాసి తేడా వచ్చినా పనికిరాదు, నేనేమో వేలెడు తేడా చేస్తున్నాను. పొడి దగ్గు పట్టుకుంది. చెవుల పక్కన జుట్టు నెరిసింది. సూపర్‌వైజరు అందరి ముందూ "నీకు ఇరవై ఒకటా, అరవై ఒకటా?" అన్నాడు. అక్టోబరులోగా చెయ్యి కుదురుకోకపోతే పని పోతుంది. పరీక్షలన్నీ చేసినారు, జబ్బేమీ లేదన్నారు.

చివరికి అంబిక అని ఒక మనసు డాక్టరమ్మ దగ్గరికి పంపినారు. పెద్దావిడ. మందు రాయలేదు. "మీ ఇంట్లో నిన్ను ఏమని పిలుస్తారు?" అని అడిగింది. అంతా చెప్పుకొచ్చినాను. తాత పోయిన పదకొండు నెలలకు నేను పుట్టినానని నాకు ఆయన పేరే పెట్టినారు. మామగారి పేరు పలకకూడదని అమ్మ నన్ను 'పెద్దాయన' అంటుంది. తండ్రి పేరని నాన్న అసలు పిలవనే పిలవడు. నువ్వు కన్నతండ్రిని పిలిచినట్టు 'నాయనా, మీరు' అంటావు. వరదప్ప అనే నా పేరును నేను మన ఇంట్లో ఒక్కరి నోటా వినలేదు అత్తా.

నాకు ఆరేళ్ళప్పుడు రాయకోటలో మన ఇంటి పెరట్లో నేరేడు చెట్టు మీద కాలు పెట్టినాను, గుర్తుందా? నువ్వు పరుగున వచ్చి నన్ను దించి, నా కాళ్ళకు మొక్కి, "ఈ వయసులో పడితే ఎట్ల నాయనా" అని ఏడ్చినావు. ఆరేళ్ళు అత్తా నాకు! ఆ తరువాత నేను ఏ చెట్టూ ఎక్కలేదు.

డాక్టరమ్మ ఏమంటుందంటే, ప్రతి మనిషి లోపలా ఒక ముసలాయనా ఒక పిల్లవాడూ ఉంటారట. మన వయసుతో వాళ్ళకు పని లేదు, పుట్టినప్పటినుంచే ఇద్దరూ ఉంటారు. ముసలాయన జాగ్రత్త చెప్తాడు, పిల్లవాడు పరిగెత్తుతాడు. ఒకరి పక్కన ఒకరు ఉంటేనే మనిషి బాగుంటాడు. నాలో ముసలాయన పిల్లవాడి మీద ఎక్కి కూర్చున్నాడని ఆవిడ అంటుంది. అందుకే నిన్ను ఒకటి అడిగి రమ్మంది. ఇరవై ఏళ్ళప్పుడు తాత ఎట్లా ఉండేవాడు?

ఇంకొక మనవి. ఈసారి పెద్దల అమావాస్యకు ఆయన తలపాగా నాకు కడతావని అమ్మ చెప్పింది. ఈ ఒక్క పనీ వద్దు అత్తా.

నీ మేనల్లుడు,
వరదప్ప

*

తళి,
19 జూన్ 1997.

నాయనగారి పాదాలు తాకి అంజనమ్మ రాసుకునేది.

ఈడ అందరం బాగుండాము. చలిగాలి మొదలయింది. గులాబీ షెడ్డు ప్లాస్టిక్కు గాలికి ఒకపక్క చినిగింది, పిల్లోళ్ళు కుట్టినారు. మీకిష్టమని అనపకాయలు ఒలిచి ఎండబెట్టినాను.

మీ చెయ్యి వణుకుతా ఉండాదని చదివినాక నాకు రెండు రోజులు అన్నం దిగలేదు. భయంతో కాదు. కుడి చెయ్యే కదా? కడపటి ఏడు మీకు కుడి చెయ్యే వణికేది. దగ్గు కూడా పొడి దగ్గే. మీరు వచ్చినారని నాకు ముందే తెలుసు, ఇప్పుడు గుర్తులు కనపడినాయి.

ఇరవై ఏళ్ళప్పుడు ఎట్ల ఉండేవాణ్ణని మీరే నన్ను అడిగినారు. నేను పుట్టకముందు సంగతి నాకేం తెలుసు నాయనా? నన్ను పరీక్ష చేసేకి అడిగినారని అర్థమయింది. మీరు అడగాలనుకున్నది ఇరవై ఏళ్ళ సంగతి కాదు, కడపటి మూడు రోజుల సంగతి. నాకు తెలుసు. దానికి జవాబు కాగితం మీద రాసే ధైర్యం నాకు లేదు.

నాగేశప్ప చేతికి మీ కంచు చెంబు ఇచ్చి పంపుతున్నాను. ఇన్నేళ్ళూ నా దగ్గరే దాచినాను. ఈడ మా బావి నీళ్ళు నింపి, మూతికి గుడ్డ కట్టినాను. తాగండి. మిమ్మల్ని అడుక్కునేది ఈ ఒక్కటే.

తలపాగా ఉతికి, గంజి పెట్టి పెట్టినాను.

మీ బిడ్డ,
అంజనమ్మ

*

హోసూరు,
2 జూలై 1997.

అత్తా,

నీ ఉత్తరం చదివితే నాకు కోపం వచ్చింది. నాకు కడపటి ఏడు ఎక్కడిదే? నాకింకా ఓటు వేసే వయసొచ్చి మూడేళ్ళే అయింది. చెయ్యి వణికి పని పోతోంది, కాపాడు మొర్రో అంటే, నువ్వు గుర్తులు కనపడినాయని సంబరపడుతున్నావు.

నువ్వు పంపింది ఒక్క చెంబే, మా గది అంతా మారిపోయింది. దాన్ని కిటికీలో పెట్టినాను. ఆ రోజునుంచి గదిలో ఇంకెవరో ఉన్నట్టే ఉంది. నా పక్క మంచం శరవణన్ తమిళ పిల్లవాడు, వాడికి మన కథలేవీ తెలియవు. వాడు కూడా "ఎవరో పెద్దవాళ్ళు దగ్గినట్టయింది, నువ్వేనా?" అని అడిగినాడు. నేనప్పుడు మెట్ల కింద పళ్ళు తోముకుంటున్నాను.

నాకు ఈ చెంబు వద్దు, ఈ నీళ్ళూ వద్దు. కట్టిన గుడ్డ కూడా విప్పలేదు. నాగేశప్ప మామ చేతికే తిరిగి ఇచ్చేసినాను. తలపాగా కూడా తాత పటానికే కట్టుకో.

కోపంలో రాసినాను, తప్పుగా అనుకోవద్దు. నీ మీద ప్రేమ లేక కాదు.

వరదప్ప

*

తళి,
15 జూలై 1997.

నాయనగారికి,

చెంబు తిరిగొచ్చింది. కట్టిన గుడ్డ కట్టినట్టే ఉండాది. రెండోసారి కూడా మీరు నా చేతి నీళ్ళు వద్దన్నారు.

ఇంక దాచి ఏం లాభం. మీ ఒళ్ళంతా నీరు పట్టినప్పుడు క్రిష్ణగిరి డాక్టరు దినానికి ఒక గ్లాసుకు మించి ఇవ్వొద్దన్నాడు. తమ్ముడికి గుండె చాలదని చెంబు నా దగ్గర పెట్టుకున్నాను. రెండు దినాలు మీరు నన్ను అడిగినారు. "ఒక్క చెంబు" అని చెయ్యి చాపినారు. నేను లేదన్నాను. మీరు ఏడిస్తే నేను గోడవైపు తిరిగి కూర్చున్నాను. మూడో దినం మీరు అడగడం మానేసినారు. మధ్యాన్నానికి నా మనసు ఆగక, డాక్టరు చస్తే చావనీ అని, చెంబు నిండా తెచ్చి నోటి దగ్గర పెట్టినాను. మీరు మొగం తిప్పుకున్నారు. చెంబును చేత్తో తోసేసినారు. అంతే, పోయినారు.

దప్పితో పోయినారు. నా మీద అలిగి పోయినారు. మీరు చిన్నబిడ్డగా ఉన్నప్పుడు, రాయకోటకు నేను వచ్చిన ప్రతిసారీ, కాళ్ళు కడుక్కోక ముందే మీకు నీళ్ళు పట్టేదాన్ని. మీరు తాగేవారు. క్షమించినారనుకున్నాను. అది బిడ్డ దప్పి, మీ దప్పి కాదని ఇప్పుడు తెలిసింది.

మీరు నా చేతి నీళ్ళు తాగేదాకా పగటిపూట నేను నీళ్ళు ముట్టను. మొన్న సోమవారం నుంచి మొదలుపెట్టినాను. ఇది బెదిరింపు కాదు. మీరు ఉన్నట్ల నేనూ ఉండాల కదా.

అంజనమ్మ

*

హోసూరు,
24 జూలై 1997.

అమ్మా అంజనీ,

నీ మీద నాకు కోపం లేదు. నువ్వు నా మంచికే చేసినావు. నా దప్పి ఎప్పుడో తీరిపోయింది. వ్రతం చాలించి నీళ్ళు తాగు. ఇది నా మాట.

మీ నాయన

*

తళి,
5 ఆగస్టు 1997.

ఈ ఉత్తరం ఎవరికి రాయాల్నో తెలీక పైన పేరు పెట్టలేదు.

రాత చూస్తే మా నాయన రాతే. అక్షరాలు అట్లనే వణికినాయి. కాగితం చూసి మా కోడలు కూడా భయపడింది. ఒక గడియసేపు నేను నమ్మినాను. ఏడ్చినాను కూడా. నీళ్ళు తెచ్చుకుని తాగేదాన్నే. మళ్ళీ మొదటి వరస చదివినాను.

మా నాయన నన్ను అమ్మా అని గానీ, అంజనీ అని గానీ ఒక్కనాడూ అనలేదు. 'పాపా' అనేవాడు. నాకు ముప్పై అయిదేళ్ళు వచ్చి, ఇద్దరు బిడ్డల తల్లినైనా పాపా అనే. నీళ్ళు అడిగినప్పుడు కూడా "పాపా, ఒక్క చెంబు" అనే అడిగినాడు.

రాసింది ఆయనైతే నన్ను మరిచిపోయినాడు. రాసింది ఆయన కాకపోతే నాకు అబద్ధం చెప్పినారు. రెంటిలో ఏది మేలో నాకు తెలీలేదు.

ఇంక రాత్రిపూట కూడా ఒక్క గ్లాసే తాగుతా ఉండాను.

(కింద వేరే చేతిరాత: అప్పా, నేను నాగేశప్పను. నిన్న గులాబీ షెడ్డులో మీ అత్త కళ్ళు తిరిగి పడిపోయింది. ఎవరు చెప్పినా వినదు. నువ్వు చెప్తేనే వింటుంది. బిరీన రా.)

*

రాయకోట,
17 ఆగస్టు 1997.

అత్తకు,

ఆ ఉత్తరం రాసింది నేనే. తాత కాదు. నీకు అబద్ధం చెప్పినాను. డాక్టరమ్మకు చెప్తే ఆవిడ మొదటిసారి నన్ను కసిరింది. "నీ నోట్లో నుంచి ఆయన మాట్లాడుతున్నాడని నువ్వే ఏడ్చి, ఇప్పుడు నీ చేతులారా ఆయన్ని కూర్చోబెడతావా?" అంది. నిన్ను బతికించాలని రాసినాను. రాసేటప్పుడు నాకు వెతుక్కోకుండానే మాటలు వచ్చినాయి, అదే నాకు భయమేసింది. ఆ పూట చెయ్యి అసలు ఆగలేదు.

నాగేశప్ప మామ రాసింది చదివినాక సెలవు పెట్టి, నీ దగ్గరికి రాకుండా, ముందు ఇంటికి వచ్చినాను. కోపగించుకోవద్దు. అమ్మను ఒకటి అడగాలని వచ్చినాను. ఆ మూడు రోజులూ ఇంట్లో నువ్వూ నాన్నా కాక ఇంకొక మనిషి ఉంది కదా. కొత్త కోడలు, పందొమ్మిదేళ్ళ పిల్ల. ఆమెను ఇన్నేళ్ళలో ఎవరూ ఏమీ అడగలేదు.

అమ్మ పశువులకు గడ్డి వేస్తోంది. నీ ఉత్తరం చదివి వినిపించినాను. చేతిలో గడ్డి కింద పడేసి అట్లే కూర్చుండిపోయింది. ఆమె చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను, ఒక్క మాట కలపలేదు:

"మూడో నాడు పొద్దున్నే వదినె పాలు పిండను పోయింది. మామ నన్ను చెయ్యూపి పిలిచినాడు. 'పెద్దదానికి చెప్పొద్దమ్మా, ఒక్క చెంబు తే' అన్నాడు. ఆయన మొగం చూసి తెచ్చేసినాను. గటగటా తాగినాడు. మీసాల నుంచి నీళ్ళు కారతా ఉంటే తుడుచుకోకుండా నవ్వినాడు. బెల్లం దొంగిలించి తిన్న బిడ్డ మాదిరి నవ్వినాడు. మధ్యాన్నానికి పోయినాడు. నేనే చంపినాను అనుకొన్నా. ఎవురికి చెప్పేది? నువ్వు పుట్టినాక, నన్ను నిలదీయను ఆయనే వచ్చినాడనుకొన్నా. నీకు ఒక్క దెబ్బ కొట్టి ఎరగను నేను. భయం."

విన్నావా అత్తా? తాత దప్పితో పోలేదు. మధ్యాహ్నం నువ్వు చెంబు తెచ్చేసరికి ఆయన కడుపు నిండి ఉంది. అందుకే మొగం తిప్పుకున్నాడు. అలక కాదు. దప్పి లేదు, అంతే.

ఆయన్ను అమ్మ చంపలేదు కూడా. డాక్టరమ్మను ఫోనులో అడిగినాను. ఆ స్థితిలో ఒక చెంబు నీళ్ళతో పోయే ప్రాణం కాదు, ఒక చెంబు మానేస్తే నిలిచే ప్రాణమూ కాదంది. ఇయ్యలేదని నువ్వూ, ఇచ్చినానని అమ్మా ఇరవై రెండేళ్ళు కుమిలిపోయినారు. మీ ఇద్దరి భయాన్నీ కలిపి నాకు చొక్కా కుట్టి తొడిగినారు. నేను వంగి నడుస్తున్నానంటే నడవనా మరి?

ఇది రాయొద్దని అమ్మ బతిమాలుతుందనుకున్నాను. "రాయి. భయపడి భయపడి విసుగొచ్చింది" అంది. తానూ వస్తానంది.

తాతను తరిమెయ్యమని డాక్టరమ్మ చెప్పలేదు. ఆయన చోటు ఆయనకు ఇచ్చి, నా చోటు నాకు ఇమ్మంది. వచ్చే ఆదివారం ఇద్దరం తళి బస్సుకు వస్తాం. నాకు దప్పిగా ఉంది అత్తా. నీళ్ళియ్యి. నాకు. తాతకు కాదు.

శ్రీనివాసప్ప కొడుకు, ఇరవై ఒక్కేళ్ళవాడు,
వరదప్ప

*

తళి,
9 సెప్టెంబరు 1997.

ఒరే వరదా,

రాసేసినాను. మొన్న నీకు చెంబు అందిస్తా ఒకసారి అన్నాను గానీ, గొంతులోనే ఉండిపోయింది, నీకు వినపడలేదు. కాగితం మీద అయితే వినపడకుండా పోదు కదా. ఇది రాసేకి నాకు ఒక పూట పట్టింది. పేరు రాసి, చెంపలు వేసుకున్నాను.

నువ్వు డ్యూటీకని సాయంత్రం బస్సుకే వెళ్ళిపోతివి. మీ అమ్మ మంజుల రెండు దినాలు ఈడే ఉండె. నువ్వున్నంతసేపూ నేను దానితో మంచిగానే మాట్లాడినాను. నువ్వు పోయినాక తిట్టినాను. "నేను పెద్దబిడ్డను. నన్ను కాదని నిన్ను అడిగినాడా? మా నాయన కడపటి నవ్వును ఇన్నేళ్ళు నువ్వొక్కదానివే దాచిపెట్టుకుంటివే!" అని అరిచినాను. దాని మీద నాకు కోపం అదొక్కటే. నీళ్ళు ఇచ్చినందుకు కాదు. మంజుల తల వంచుకుని ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి ఇద్దరికీ ఆకలయింది. రాగిసంకటి చేసుకుని తిన్నాము. తిన్నాక "ఎట్ల నవ్వినాడో చూపించు" అన్నాను. మూతి తుడుచుకోకుండా చూపించింది. ఒరే, మా నాయన నవ్వే! దాని మొగంలో చూసినాను.

నువ్వు నీళ్ళు తాగేటప్పుడు నేను నీ మొగం చూడలేదు. భయపడి చెంబు వంకే చూసినాను. మూడు చెంబులు తాగితివి. ఎవరి దప్పి అదంతా అని అడగాలనిపించింది. అడగలేదు. వ్రతం తీరిపోయింది, ఇప్పుడు బాగా తాగుతా ఉండాను, నాగేశప్పను అడుగు.

నువ్వు మొదట అడిగినదానికి ఇప్పుడు జవాబు చెప్తాను. మా నాయన ఇరవై ఏళ్ళ సంగతి మా అవ్వ చెప్పేది. పెండ్లి నాడు పొద్దున్నే పెండ్లికొడుకు కనపడలేదంట. ఊరంతా వెతికితే పెరట్లో నేరేడు చెట్టు చిటారుకొమ్మన కూర్చుని ఉన్నాడంట. ముహూర్తం దాటుతా ఉండాది దిగరా అంటే, "ఈడ నుంచి రాయకోట కొండ కనపడుతుంది, ఇంకొంచేపు" అన్నాడంట. నేను దాన్ని మరిచేపోయినాను రా. పడుకున్న ముసలాయన ఒక్కడే నాకు గుర్తుండిపోయినాడు. నిన్ను ఆ చెట్టు మీద నుంచి దించిన దినం, ఆయన్నే దించినాను.

తలపాగా కట్టను. పెద్దల అమావాస్యకు రాయకోటలో ఆయన విస్తరి ఆయనకు వేరేగా వేస్తాము. నువ్వు నాతో వచ్చే నాగేశప్ప పిల్లలతో కలిసి పందిట్లో తిను.

మీ అత్త,
అంజనమ్మ

*

రాయకోట,
5 అక్టోబరు 1997.

ఒరే వరదా,

అమావాస్య అయినాక నేను ఇంకా ఈడే ఉండిపోయినాను. ఒక సంగతి నిన్ను అడగాల్సి ఉంది. ఎవరికీ చెప్పను, నిజం చెప్పు.

నువ్వు చూస్తివి కదా, లోపలి గదిలో పటం ముందు విస్తరి వేసి, తలపాగా పక్కన పెట్టి, కంచు చెంబు నిండా నీళ్ళు పెట్టినాను. ఎప్పటి మాదిరే పెద్దలు తినేదాకా అని తలుపు మూసి అందరం బయటికి వస్తిమి. వాకిట్లో నేనూ మంజులా కూర్చున్నాము, మీ నాయన పందిట్లో ఉండె. నువ్వు మాత్రం ఆ వేళ కనపడలేదు.

తలుపు తీసినాక అన్నం అన్నం మాదిరే ఉంది. వడలు కదల్లేదు. చెంబు ఖాళీ. అడుగున ఒక్క చుక్క లేదు. కింద తడి లేదు. మీ నాయన పిల్లి అంటాడు. పిల్లి వడను వదిలిపెట్టి నీళ్ళు తాగి పోతుందా? మంజుల నన్ను చూసింది, నేను దాన్ని చూసినాను. ఇద్దరికీ నువ్వే అనిపించింది. పెరటి కిటికీలో నుంచి దూరి తాగినావు కదా? చిన్నప్పుడు చెయ్యని అల్లరి ఇప్పుడు చేసి ఉంటే నేను తిట్టను. సంతోషపడతాను. నువ్వే అని ఒక్క మాట రాయి.

మీ అత్త

*

హోసూరు,
12 అక్టోబరు 1997.

అత్తా,

అక్షరాలు చూసే ఉంటావు, చెయ్యి వణకడం లేదు. పని నిలబడింది. సూపర్‌వైజరు నన్ను నమ్మక మూడుసార్లు కొలిచి చూసినాడు. దగ్గు కూడా పోయింది. గది మరీ నిశ్శబ్దంగా ఉంది. ఇది డాక్టరమ్మకు చెప్పలేదు, నీకే చెప్తున్నాను. ఆయన లేక నాకు ఒక్కోసారి దిగులుగా ఉంటుంది. ఇన్నేళ్ళు ఒకే ఒంట్లో కలిసి ఉన్నాం కదా.

నీకు కావలసిన మాట రాయడానికి రెండు రోజులు కూర్చున్నాను. నేనే తాగినానని రాస్తే మీరిద్దరూ నిమ్మళంగా పడుకుంటారు. కానీ ఒకసారి నీకు అబద్ధం రాసి చూసినాను, ఇంక రాయను. నేను తాగలేదు అత్తా.

మీరు తలుపు మూసిన వెంటనే పెరట్లోకి పోయి నేరేడు చెట్టు ఎక్కినాను. కాయలు లేని కాలంలో ఎందుకెక్కినావని అడగొద్దు. మోకాళ్ళు గీరుకున్నాయి, చొక్కా చినిగింది. చిటారుకొమ్మన ఒకచోట బెరడు అరిగి నున్నగా ఉంది, ఒక మనిషి కూర్చునేంత. అక్కడే కూర్చున్నాను. రాయకోట కొండ బాగా కనపడింది.

నువ్వు అన్నానికి పిలిచేదాకా నేను దిగలేదు.

వరద